1906 భూకంపం వల్ల చైనీయులు అమెరికా పౌరులైపోయారా? అసలు ఏం జరిగింది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 1906 శాన్ ఫ్రాన్సిస్కో భూకంపంలో జనన రికార్డులు కాలిపోవడంతో వేలమంది చైనీయులు "మేం ఇక్కడే పుట్టాం" అని చెప్పి పౌరులయ్యారని మీ అబ్బాయి స్కూల్లో విన్నాడట, అది నిజమేనా? నిజమైతే అధికారులు అంత సులువుగా ఎలా నమ్మారు? అది మోసం కాదా?

జరిగిన మాట నిజం. సులువుగా మాత్రం జరగలేదు. మోసమా కాదా అన్నది ఆనాటి చట్టం ఏమిటో తెలియకుండా తేల్చకూడదు. నేను చాలా ఏళ్లుగా బే ఏరియాలో ఇమ్మిగ్రేషన్ లాయర్ల దగ్గర కేసు ఫైళ్లు సిద్ధం చేసే పని చేస్తున్నాను. ఆ పని వల్లే సాన్ బ్రూనోలోని నేషనల్ ఆర్కైవ్స్‌కు, అంటే ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటుకు వెళ్లి వందేళ్ల నాటి చైనీయుల ఫైళ్లు చదవడం అలవాటైంది. అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు చట్టం సంగతి. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడ్డాక దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి, అందులోనూ ఎక్కువగా తైషాన్, దాని చుట్టుపక్కల జిల్లాల నుంచి మగవాళ్లు పని కోసం ఓడలెక్కారు. 1860లలో ఖండం దాటే రైలు మార్గంలో పశ్చిమ భాగం వేసిన కూలీల్లో అత్యధికులు వాళ్లే. 1870లలో మాంద్యం వచ్చి పనులు కరువయ్యేసరికి కోపమంతా వాళ్ల మీదకు మళ్లింది. 1875లో పేజ్ చట్టం వచ్చి చైనా ఆడవాళ్ల రాకను దాదాపు ఆపేసింది. 1882 మే 6న చైనీస్ ఎక్స్‌క్లూజన్ చట్టం వచ్చింది. చైనా కూలీలెవరూ దేశంలోకి రాకూడదు, ఉన్నవాళ్లకు పౌరసత్వం ఇవ్వకూడదు అన్నది దాని సారాంశం. పదేళ్లకని తెచ్చిన ఆ చట్టాన్ని 1892లో, 1902లో పొడిగించి, 1904లో గడువనేదే లేకుండా చేశారు.

మధ్యలో 1888లో వచ్చిన స్కాట్ చట్టం గురించి చాలామందికి తెలియదు. నా దృష్టిలో ఈ మొత్తం కథకు అదే కీలకం. అప్పటిదాకా అమెరికాలో ఉంటున్న చైనా కూలీ ఊరికి వెళ్లి రావాలంటే ప్రభుత్వం తిరిగి రావడానికి సర్టిఫికెట్ ఇచ్చేది. స్కాట్ చట్టం ఆ సర్టిఫికెట్లన్నిటినీ ఒక్క దెబ్బతో రద్దు చేసింది. దాదాపు 20 వేల మంది దేశం బయట ఉండగానే వాళ్ల చేతిలోని కాగితాలు చెల్లకుండా పోయాయి. కొంతమంది అప్పటికే ఓడలో, సముద్రం మధ్యలో ఉన్నారు. సుప్రీంకోర్టు కూడా 1889లో ఆ చట్టాన్ని సమర్థించింది. ఇక 1892 నాటి గియరీ చట్టం ప్రకారం ప్రతి చైనా కూలీ నివాస సర్టిఫికెట్ దగ్గర పెట్టుకు తిరగాలి. అది లేకుండా దొరికితే అరెస్టు. ఏదో కారణం వల్ల సర్టిఫికెట్ తీసుకోలేకపోయాను అని నిరూపించుకోవాలంటే కనీసం ఒక తెల్లజాతి సాక్షి ఉండాలని చట్టంలోనే రాశారు. కాగితం మీద వాళ్లకు నమ్మకం పోవడానికి, అదే సమయంలో కాగితమే సర్వస్వం కావడానికి పునాది ఇక్కడే పడింది.

ఎక్స్‌క్లూజన్ చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. వ్యాపారులు, విద్యార్థులు, టీచర్లు, యాత్రికులు, దౌత్యవేత్తలు రావచ్చు. వీటన్నిటికన్నా బలమైన దారి ఇంకొకటి ఉంది, అదే పుట్టుకతో వచ్చే పౌరసత్వం. 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ ప్రకారం అమెరికా గడ్డ మీద పుట్టినవాళ్లు అమెరికా పౌరులు. ఇది చైనా తల్లిదండ్రుల పిల్లలకు వర్తిస్తుందా అన్న వివాదం వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటమనిషి కేసులో తేలింది. ఆయన శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. 1894లో చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే ఓడ దిగనివ్వలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1898 మార్చి 28న ఆరుగురు జడ్జీలు ఆయన పక్షాన, ఇద్దరు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆయన పౌరుడే అని తేలింది. దీనికి తోడు 1855 నుంచీ ఇంకో నియమం ఉంది. అమెరికా పౌరుడైన తండ్రికి విదేశంలో పుట్టిన పిల్లలు కూడా అమెరికా పౌరులే, తండ్రి కొంతకాలమైనా అమెరికాలో నివసించి ఉంటే చాలు.

ఈ రెండు నియమాలనూ కలిపి చూడండి. ఒక మనిషి శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టానని నిరూపించుకుంటే ఆయన పౌరుడు. చైనాలోని ఆయన కొడుకులూ పౌరులే. వాళ్లు వచ్చి ఇక్కడ కొన్నాళ్లుంటే వాళ్ల కొడుకులూ అంతే. మొదటి మనిషి పుట్టుక ఒక్కటి తేలితే వంశం మొత్తానికీ దారి తెరుచుకుంటుంది.

ఇక భూకంపం. 1906 ఏప్రిల్ 18, తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ అనే భూమి పగులు వెంబడి 470 కిలోమీటర్లకు పైగా నేల చీలింది. తీవ్రత దాదాపు 7.9. కూలిన ఇళ్ల కన్నా ఆ తర్వాత లేచిన మంటలే ఎక్కువ నాశనం చేశాయి. భూమిలోని నీటి పైపులు పగిలిపోవడంతో ఫైర్ ఇంజన్లున్నా నీళ్లు లేవు. ఫైర్ చీఫ్ డెనిస్ సలివన్ భూకంపంలోనే తీవ్రంగా గాయపడి తర్వాత చనిపోయాడు. హేస్ వ్యాలీలో ఒక ఇంట్లో పొద్దున్నే టిఫిన్ చేద్దామని పొయ్యి వెలిగిస్తే, పగిలి ఉన్న చిమ్నీలోంచి మంట ఇంటికి అంటుకుంది. ఆ మంటే వీధులు దాటి సిటీ హాల్ దాకా వెళ్లింది. పాతికేళ్లకు పైగా కట్టిన సిటీ హాల్ అప్పటికే భూకంపానికి చాలావరకు కూలిపోయి ఉంది. లోపలున్న నగర రికార్డుల్లో చాలా భాగం ఆ మంటలో పోయింది. జనన రికార్డులు పోయింది అలాగే. మూడు రోజులకు పైగా మండిన నగరంలో 28 వేల భవనాలు నేలమట్టమయ్యాయి. 4 లక్షల జనాభాలో సగానికి పైగా నిరాశ్రయులయ్యారు. అప్పట్లో అధికారికంగా చెప్పిన మృతుల సంఖ్య కొన్ని వందలే. ఇప్పుడు 3 వేలకు పైగా అని ఒప్పుకుంటున్నారు. ఆనాటి లెక్కల్లోకి చైనీయుల మరణాలు దాదాపు ఎక్కనే లేదు.

చైనాటౌన్ పూర్తిగా కాలిపోయింది. అక్కడి మనుషులకు జరిగింది చెప్పకుండా రికార్డుల గురించి మాత్రమే మాట్లాడటం నాకు ఇష్టం లేదు. వేలమంది ఫెర్రీలెక్కి ఓక్‌లాండ్ వెళ్లిపోయారు. నగరంలో మిగిలినవాళ్లకు వేరే శిబిరం పెట్టారు. ఆ శిబిరాన్ని కూడా ఒకచోట ఉండనివ్వకుండా, చుట్టుపక్కల తెల్లవాళ్లు అభ్యంతరం చెప్పినప్పుడల్లా ఇంకో చోటికి జరుపుతూ పోయి, చివరికి ప్రెసిడియో సైనిక స్థావరం అంచున, గాలి కొట్టే చోట పడేశారు. వాళ్లు వదిలి వెళ్లిన చైనాటౌన్ బూడిదలో జనం పింగాణీ, కంచు సామాను ఏరుకుపోయారు. కాపలా కాయాల్సిన నేషనల్ గార్డ్ సైనికులు కూడా ఆ లూటీలో ఉన్నారు.

ఇదే అదనుగా నగర పెద్దలు చైనాటౌన్‌ను ఊరి మధ్య నుంచి తీసేసి, దక్షిణాన దూరంగా ఉన్న హంటర్స్ పాయింట్‌కు తరలించాలని చూశారు. ఊరి మధ్యనున్న చైనాటౌన్ మంచి ధర పలికే స్థలం మరి. చైనా ప్రభుత్వ ప్రతినిధులు గవర్నర్‌ను కలిసి, తమ కాన్సులేట్‌ను పాత చోటే కట్టుకుంటామని తేల్చి చెప్పారు. చైనీయులు కోపంతో వేరే రేవుకు తరలిపోతే ఆసియా వ్యాపారం, పన్నులు పోతాయని నగరానికి భయం పట్టుకుంది. చైనాటౌన్ స్థలాల్లో ఎక్కువ వాటికి యజమానులు తెల్లవాళ్లే, వాళ్లకు అద్దెలు కావాలి. ఆలోగా లుక్ టిన్ ఇలై లాంటి వ్యాపారులు తెల్లజాతి ఆర్కిటెక్టులను పెట్టి, గోపురాల్లాంటి కప్పులతో కొత్త భవనాలు కట్టించేశారు. ఇవాళ మనం గ్రాంట్ అవెన్యూలో ఫొటోలు దిగే ఆ కప్పులు చైనాలో అలా ఉంటాయని కట్టినవి కావు. టూరిస్టులు వస్తారు, ఊరు మమ్మల్ని వెళ్లగొట్టకుండా ఉంటుంది అన్న ఆలోచనతో కట్టినవి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. మంటల్లో జనన రికార్డులు పోయాయి కాబట్టి అబద్ధాలు మొదలయ్యాయి అని చాలామంది చెప్తారు. అది సగమే నిజం. కాలిఫోర్నియా రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు ఒక పద్ధతిలో మొదలైందే 1905లో. అంతకుముందు చైనాటౌన్‌లో మంత్రసాని చేతుల్లో పుట్టిన బిడ్డల పేర్లు చాలావరకు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. కాబట్టి భూకంపానికి ముందు కూడా "ఇక్కడ పుట్టాను" అన్నదానికి రుజువు మనుషుల సాక్ష్యమే. కెనడా సరిహద్దు దాటి న్యూయార్క్, వెర్మాంట్ రాష్ట్రాల్లోకి వచ్చి, అరెస్టయ్యి, అక్కడి కమిషనర్ అనే కింది స్థాయి ఫెడరల్ న్యాయాధికారి ముందు "నేను శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాను" అని సాక్షుల చేత చెప్పించి విడుదల పత్రం తీసుకోవడం 1890ల నుంచే నడుస్తోంది. కోర్టుల్లో చెప్పే కథలన్నీ నిజమైతే పాతికేళ్ల కిందట ఈ దేశంలో ఉన్న ప్రతి చైనా స్త్రీకి కనీసం 500 మంది పిల్లలుండాలని 1901లోనే ఒక ఫెడరల్ న్యాయమూర్తి అన్నారు. ఈ మాటనే ఇప్పుడు సంఖ్య మార్చి, భూకంపం తర్వాత అన్నట్టుగా చెప్తున్నారు. తేదీ చూస్తే భూకంపానికి ఐదేళ్ల ముందుది.

ఇంకో సంగతి, రికార్డులన్నీ కాలిపోలేదు. సెవెంత్, మిషన్ వీధుల మూలన ఉన్న ఫెడరల్ పోస్టాఫీసు, కోర్టు భవనం నిలబడింది. వాంగ్ కిమ్ ఆర్క్ కేసు పత్రాలు ఇవాళ్టికీ మన కళ్లతో చూడొచ్చు.

మరి మంట చేసిందేమిటి? అంతకుముందు అధికారి "నీ పుట్టుక రికార్డు ఏదీ?" అని అడిగితే, లేకపోవడం నీకు వ్యతిరేకంగా నిలిచేది. 1906 తర్వాత ఆ ప్రశ్నకు బలం పోయింది. అందరి జనన రికార్డులూ కాలాయి కాబట్టి లేకపోవడం వల్ల ఏదీ రుజువు కాదు. అసలు రుజువు లేనప్పుడు దాని బదులు ప్రత్యామ్నాయ సాక్ష్యం తీసుకోవడం న్యాయంలో మామూలే. మన తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతి. ఊళ్లో ఇంట్లోనే పుట్టి, పంచాయతీలో నమోదు కానివాళ్లు గ్రీన్‌కార్డు ఫైల్ చేసేటప్పుడు మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తెచ్చి, అమ్మ, పెద్దమ్మ, మేనమామ లాంటివాళ్ల చేత రెండు అఫిడవిట్లు రాయించి పెడతారు కదా. అదే సూత్రం. 1906 తర్వాత ఇద్దరు సాక్షులు వచ్చి "ఇతను ఫలానా వీధిలో పుట్టడం నాకు తెలుసు" అంటే కాదని చెప్పే పుస్తకం లేదు. అలా పౌరులుగా నమోదైనవాళ్లలో నిజంగా అక్కడ పుట్టినవాళ్లూ ఉన్నారు, పుట్టనివాళ్లూ ఉన్నారు. విడదీసే దారి మంటతో పోయింది.

పేపర్ సన్స్ అనే మాట మీరు విని ఉంటారు, కాగితం మీది కొడుకులు. అది ఇలా నడిచేది. పౌరుడిగా నమోదైన మనిషి ఊరెళ్లి, భార్యతో ఏడాదో రెండేళ్లో ఉండి తిరిగొస్తాడు. రేవులో అధికారి అడిగినప్పుడు "కొడుకు పుట్టాడు" అని చెప్తాడు. ఆ పేరు, పుట్టిన తేదీ ఫైల్లో ఎక్కుతాయి. నిజంగా కొడుకు పుట్టి ఉండొచ్చు. కూతురు పుడితే కొడుకని చెప్పి ఉండొచ్చు. ఎవరూ పుట్టకపోయినా చెప్పి ఉండొచ్చు. ఆ ఫైళ్లలో కొడుకులు ఎక్కడ చూసినా కనిపిస్తారు, కూతుళ్లు అరుదు. అలా ఫైల్లో తయారైన ఖాళీని స్లాట్ అనేవాళ్లు. పదేళ్లకో పదిహేనేళ్లకో ఆ వయసుకు సరిపోయే కుర్రాడికి ఆ స్లాట్ ఇస్తారు. అన్న కొడుక్కి, మేనల్లుడికి, అదే ఊరి పిల్లాడికి, కొన్నిసార్లు అసలు పరిచయమే లేనివాడికి. మధ్యలో బ్రోకర్లు. ధర వయసును బట్టి, ఏడాదికి దాదాపు 100 డాలర్లు. అంటే పదిహేనేళ్ల కుర్రాడికి 1,500 డాలర్లు. అప్పు చేసి కట్టిన ఆ డబ్బు లాండ్రీలో, హోటల్ వంటింట్లో ఏళ్ల తరబడి పనిచేస్తే గాని తీరేది కాదు. ఓడ దిగిన రోజు నుంచి అతని ఇంటిపేరు పోయినట్టే. వాంగ్ ఇంట పుట్టినవాడు లీ అన్న ఇంటిపేరుతో బతకాలి. పెళ్లి, ఉద్యోగం, పిల్లల స్కూలు, అన్నీ ఆ పేరుమీదే.

మీ రెండో ప్రశ్న, అధికారులు ఎలా నమ్మారు? నమ్మలేదు. భూకంపానికి ఒక్క ఏడాది ముందు, 1905లో, జు టాయ్ కేసులో సుప్రీంకోర్టు పెద్ద దెబ్బ కొట్టింది. రేవులో ఆపేసిన మనిషి "నేను పౌరుణ్ణి" అని చెప్పినా, ఇమ్మిగ్రేషన్ అధికారుల నిర్ణయమే ఆఖరిది, కోర్టు మళ్లీ విచారించక్కర్లేదని తీర్పు. అంటే మంటలు కాగితాలను మాయం చేసే సమయానికి నిర్ణయాధికారం జడ్జి చేతుల్లోంచి అధికారి చేతుల్లోకి వెళ్లిపోయింది. పుట్టుకకు రికార్డు లేదు కాబట్టి, మనిషిని ప్రశ్నలతోనే పరీక్షించాలని ఆ అధికారులు నిర్ణయించుకున్నారు. 1910 జనవరి 21న శాన్ ఫ్రాన్సిస్కో బేలోని ఏంజెల్ ఐలాండ్‌లో ఇమ్మిగ్రేషన్ స్టేషన్ తెరిచారు. చుట్టూ నీళ్లు, బయటివాళ్లతో మాట్లాడే వీలు లేదు. యూరప్ నుంచి వచ్చినవాళ్లు తరచూ గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో దిగిపోయేవాళ్లు. చైనీయులు వారాలు, నెలలు అక్కడే ఉండాల్సి వచ్చేది. ఏడాది దాటి ఉన్నవాళ్లూ ఉన్నారు.

ఆ విచారణల కాగితాలు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. పన్నెండు పదమూడేళ్ల పిల్లాణ్ణి ఒక గదిలో కూర్చోబెట్టి, ఇద్దరు ముగ్గురు అధికారులు, ఒక దుబాసీ, ఒక టైపిస్టు. మీ ఊరు ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉంది? మీ వరసలో ఎన్ని ఇళ్లు? రెండో వరస మూడో ఇంట్లో ఎవరుంటారు, వాళ్లకెంతమంది పిల్లలు? మీ ఇంట్లో బియ్యం జాడీ ఎక్కడ పెడతారు? అటక మీదకు మెట్లెన్ని? మీ నాయనమ్మ పాదాలు ఎదగకుండా కట్టు కట్టినవా, మామూలువా? నీళ్ల బావి ఇంటికి ఎంత దూరం? ఇవే ప్రశ్నలు తండ్రిని, అన్నను, సాక్షులను విడివిడిగా అడిగి, జవాబులు పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. దుబాసీ కుర్రాడికి జవాబులు అందిస్తాడేమో అన్న అనుమానంతో దుబాసీలను కూడా మారుస్తుంటారు. వీసా ఇంటర్వ్యూలో దంపతులను విడివిడిగా కూర్చోబెట్టి "మంచంలో కిటికీ వైపు ఎవరు పడుకుంటారు" అని అడిగే పద్ధతి గురించి మనవాళ్లు టెన్షన్ పడుతూ నన్ను అడుగుతుంటారు. అలాంటి విచారణే అక్కడ వందల ప్రశ్నలతో, కొన్నిసార్లు రెండు మూడు రోజుల పాటు, చిన్నపిల్లల మీద జరిగింది.

అందుకే కోచింగ్ కాగితాలు పుట్టాయి. ప్రశ్నలు జవాబులు, ఊరి పటం, బంధువుల పట్టిక అన్నీ ఒక పుస్తకంలో రాసి, ఓడ ఎక్కే ముందు నెలల తరబడి పిల్లాడి చేత బట్టీ పట్టించేవాళ్లు. రేవు దగ్గరపడగానే ఆ కాగితాలు సముద్రంలోకి. విచారణ మధ్యలో ఏదైనా తేడా వస్తే ఏంజెల్ ఐలాండ్ వంటింట్లో పనిచేసే చైనీయులు చైనాటౌన్ నుంచి చీటీలు దాచి తెచ్చి ఇచ్చేవాళ్లు. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కోచింగ్ అబద్ధపు కొడుకులకే కాదు, నిజమైన కొడుకులకూ తప్పలేదు. ఇరవై ఏళ్లుగా ఊరు చూడని తండ్రి బావి ఎక్కడుందో తప్పు చెప్తే, నిన్న ఊర్నుంచి వచ్చిన కొడుకు సరిగ్గా చెప్తే, ఆ తేడాకు శిక్ష కొడుక్కే. వాంగ్ కిమ్ ఆర్క్ పెద్ద కొడుకుగా 1910లో వచ్చిన యువకుణ్ణే జవాబులు కలవలేదని తిప్పి పంపేశారు. పుట్టుకతో పౌరసత్వం అన్న సూత్రాన్ని గెలిచి పెట్టిన మనిషి, తన కొడుకు విషయంలో ఓడిపోయాడు. తర్వాతి ఏళ్లలో వచ్చిన ముగ్గురిని మాత్రం ఆయన కొడుకులుగా ఒప్పుకున్నారు.

తిరస్కరించినా వాషింగ్టన్‌కు అప్పీలు ఉండేది, లాయర్లు ఉండేవాళ్లు. చివరికి ఎక్కువమంది దిగగలిగారు. ఎదురుచూసిన నెలల్లో బరాకుల చెక్క గోడల మీద వాళ్లు కవిత్వం చెక్కారు. 1940 ఆగస్టులో పరిపాలనా భవనం తగలబడ్డాక స్టేషన్ మూసేశారు. బరాకులు కూలగొట్టే ఆలోచనలో ఉండగా, 1970లో అలెగ్జాండర్ వైస్ అనే పార్క్ రేంజర్ ఆ గోడలను టార్చి వేసి చూసి వాటి విలువ గుర్తించడం వల్ల మిగిలాయి. మీ అబ్బాయిని తప్పకుండా తీసుకెళ్లి చూపించండి, టిబురోన్ నుంచి ఫెర్రీ ఉంటుంది.

మోసం ఒక పక్కనే జరగలేదు. 1915-17 మధ్య జాన్ డెన్స్‌మోర్ అనే ఫెడరల్ అధికారి ఏంజెల్ ఐలాండ్ మీద విచారణ జరిపితే, సిబ్బందే లంచాలు తీసుకుని ఫైళ్లు దొంగిలించడం, ఫొటోలు మార్చడం, పాత విచారణల జవాబులు బయటికి అమ్మడం బయటపడింది. కొంతమంది ఉద్యోగాలు పోయాయి, కొంతమంది మీద కేసులు పడ్డాయి.

మీ మూడో ప్రశ్నకు నా జవాబు ఇది. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం అబద్ధమే, చట్టం దృష్టిలో మోసమే. నేను చేసే పనిలో ఉంటూ దాన్ని మరో పేరుతో పిలవను. కానీ ఆ కుర్రాడు నిజాయితీగా నిలబడటానికి ఒక క్యూ అంటూ లేదు. ఎన్నేళ్లు ఆగినా, ఎంత చదివినా, కూలివాడి కొడుకైతే చైనీయుడన్న ఒక్క కారణంతో తలుపు మూసి ఉంది. 1924 ఇమ్మిగ్రేషన్ చట్టం తర్వాత పౌరుడి భార్య కూడా చైనీయురాలైతే రావడానికి వీల్లేకపోయింది, 1930లో కొద్దిగా సడలించేదాకా. కుటుంబాలను విడదీయడానికే రాసిన చట్టం కింద కుటుంబం కలవడానికి చెప్పిన అబద్ధాన్ని, డబ్బు కోసం చెప్పిన అబద్ధంతో ఒకే గాట కట్టడం నాకు న్యాయంగా అనిపించదు. మధ్యలో డబ్బు చేసుకున్న బ్రోకర్ల విషయంలో నాకు ఆ మెతకదనం లేదు.

ఇది చదివి కొందరు "మరి మన పిల్లల సంగతి?" అంటారు. 2011లో ఇదే బే ఏరియాలో, ప్లెజంటన్‌లోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ విద్యార్థి వీసాల మోసం కేసులో మూతపడ్డప్పుడు చిక్కుకున్నవాళ్లలో చాలామంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు వేశారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనే పేరుతో ప్రభుత్వ ఏజెంట్లే వల పన్నితే అందులోనూ మనవాళ్లే ఎక్కువ, పిల్లల్ని చేర్పించి కమిషన్ తీసుకున్న ఎనిమిదిమంది మీద కేసులు నడిచాయి. ఈ కేసులు పేపర్ సన్స్ లాంటివి కావు, ఇప్పుడు ఇరుకుదైనా ఒక సక్రమమైన దారి ఉంది. ఒక్క విషయంలో మాత్రం పోలిక ఉంది. డబ్బు బ్రోకరు తీసుకుంటాడు, కాగితం మీద పేరు కుర్రాడిది, భయం కూడా అతనిదే.

ఆ భయం పేపర్ సన్స్ జీవితాల్లో ఎంతకాలం ఉందో చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో చైనా మిత్రదేశం కావడంతో 1943 డిసెంబరులో నిషేధ చట్టాన్ని ఎత్తేశారు, కానీ ఏడాదికి 105 మందికే కోటా. 1955లో హాంకాంగ్‌లోని అమెరికా కాన్సుల్ జనరల్ ఎవరెట్ డ్రమ్‌రైట్, చైనీయుల పౌరసత్వ దరఖాస్తుల నిండా మోసమేనని, కమ్యూనిస్టులు ఈ దారిలో చొరబడతారని రిపోర్టు పంపాడు. 1956లో శాన్ ఫ్రాన్సిస్కోలోని చైనా కుటుంబ సంఘాల రికార్డులన్నీ తెమ్మని సమన్లు వెళ్లాయి. ఒక ఫెడరల్ జడ్జి వాటిని కొట్టేశారు. ఆ తర్వాత ప్రభుత్వం కన్ఫెషన్ ప్రోగ్రాం తెచ్చింది. మీ పేరు అసలుది కాదని ఒప్పుకుంటే, అర్హత ఉన్న మేరకు హోదా సరిచేస్తాం అన్నది ఆ ప్రోగ్రాం ఇచ్చిన మాట. అది కచ్చితమైన హామీ కాదు. పైగా ఒకడు ఒప్పుకుంటే అదే కాగితపు కుటుంబంలోని అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు అందరూ బయటపడతారు. 1965 దాకా దాదాపు 14 వేల మంది ఒప్పుకున్నారు. వాళ్ల మాటల వల్ల మరో 22 వేల మంది పేర్లు బయటికొచ్చాయి, 11 వేలకు పైగా స్లాట్లు రద్దయ్యాయి. వామపక్షంవాళ్లని అనుమానించిన కొందరిని దేశం నుంచి పంపడానికి కూడా ఈ ఒప్పుకోళ్లను వాడారు. ఒప్పుకోవాలా వద్దా అన్న గొడవతో మాటలు మానేసిన కుటుంబాలున్నాయి. అసలు ఇంటిపేరు తిరిగి తీసుకున్నవాళ్లు కొందరు. అప్పటికే పిల్లల డిగ్రీలు, ఇళ్లు, వ్యాపారాలు కాగితపు పేరుమీద ఉండటంతో అలాగే కొనసాగినవాళ్లు ఇంకొందరు. బే ఏరియాలోని పాత చైనా శ్మశానాల్లో ఇంగ్లీషులో ఒక ఇంటిపేరు, పక్కనే చైనా లిపిలో వేరే ఇంటిపేరు ఉన్న సమాధి రాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

మన ఇళ్లకు నేరుగా తగిలే సంగతి కూడా ఇక్కడే ఉంది. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం ఉండదంది. ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ వారం నిద్రపోలేదు. వెంటనే దాన్ని కోర్టుల్లో సవాలు చేసినవాళ్లు, ఆపిన జడ్జీలు ముందు పెట్టుకున్నది ఆ వంటమనిషి గెలిచిన 1898 తీర్పునే.

చివరిగా, మీ అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకు పనికొస్తుందని ఒక మాట. సాన్ బ్రూనో ఆర్కైవ్స్‌లో ఈ చైనీయుల ఫైళ్లు వేలల్లో ఉన్నాయి. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే చూడనిస్తారు. అతని క్లాసులో చైనా మూలాలున్న స్నేహితులెవరైనా ఉండి, వాళ్ల ముత్తాత ఫైలు వెతకాలనుకుంటే ఓడ పేరు, వచ్చిన సంవత్సరం తెలిస్తే పని తేలికవుతుంది. పేరు విషయంలో జాగ్రత్త. ఇంట్లో చెప్పుకునే అసలు పేరుతో వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు, ఓడ దిగినప్పుడు రాయించుకున్న పేరుతో వెతకాలి. అది ఇంట్లో ఎవరికీ గుర్తులేకపోతే పాత పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్, సమాధి రాయి మీది ఇంగ్లీషు అక్షరాలు చూడమనండి.